మగ్గం గుంటలో కండెగాడి చోటు

మా అత్త శంకరవ్వ గొంతు విప్పిందంటే మంథనిలో మా వాడకట్టు అంతటికీ వినిపించేది, ఒక్క ఆమెకు తప్ప. చెవులు వినపడని మనుషులు తామెంత గట్టిగా మాట్లాడుతున్నారో తెలియక అలా అరుస్తారని పెళ్లయి వచ్చిన కొత్తలో నాకు తెలియదు. వచ్చిన మర్నాడే "కమలా, నీ కొంగు చినిగింది, సూసుకో" అని లోపలి నుంచి అన్నది. బావి దగ్గర నీళ్లు తోడుకుంటున్న ఆడవాళ్లందరూ చేదలు వదిలేసి నా కొంగు వైపు చూశారు. నాకు ఒళ్లు మండింది. ఆమె గురించి చెప్పడానికి కూర్చున్నాను కాబట్టి ముందే చెప్పేస్తున్నాను, ఆమె మీద నాకు మొదట కలిగింది భక్తి కాదు, చిరాకు.

ఆమె చెవులు సిరిసిల్లలో పోయాయి. మా మామ సిద్దిరాములు అక్కడ మరమగ్గాలు నడిపేవాడు. అదే షెడ్డులో గోడవార కూర్చుని ఆమె కండెలకు నూలు చుట్టేది. మరమగ్గాల చప్పుడులో పక్కనున్న మనిషి మాట కూడా వినిపించదు. అందరూ పెదవులు చూసి మాట్లాడుకుంటారు, చేతులతో సైగలు చేసుకుంటారు. అలా ఏళ్ల తరబడి చూసీ చూసీ ఆమెకు పెదవులు చదవడం వచ్చింది, వినికిడి పోయింది. అరవై తొమ్మిదిలో, తెలంగాణ కోసం పిల్లలు బడులు మానేసి రోడ్లెక్కిన ఏడాది, మామ కామెర్లతో కాలం చేశాడు. ఆమె కొడుకు కైలాసాన్ని వెంటబెట్టుకొని మంథనిలోని పాత ఇంటికి తిరిగి వచ్చేసింది.

ఆ ఇంటి ముందరి అర్రలో ఆమె మామ తవ్వించిన గుంట మగ్గం ఉంది. గుంట మగ్గమంటే నేలలో మోకాళ్ల లోతు కంటే కొంచెం ఎక్కువ గొయ్యి. నేసే మనిషి గట్టు మీద కూర్చుని కాళ్లు గుంటలోకి వేలాడేసి కింది పలకలు తొక్కుతాడు. తొక్కుతాడనే అన్నాను, ఎందుకంటే మా వాళ్లలో మగ్గం మీద కూర్చునేది మగవాళ్లే. ఆడవాళ్లు నూలు వడుకుతారు, కండెలు చుడతారు, గంజి కాస్తారు. మా అత్త వచ్చిన వారానికే గుంట మీద కప్పిన చెక్కలు తీసి, కడిగి అందులో కాళ్లు పెట్టింది. వాడకట్టు పెద్దమనిషి బాలమల్లు వచ్చి గుమ్మంలో నిలబడి, ఆడది మగ్గమెక్కుడేందని చాలాసేపు మాట్లాడాడట. ఆమె తల ఎత్తి చూడలేదు. చూడకపోతే ఆమెకు ఎవరి మాటా వినపడదు. ఆ సౌకర్యం ఆమె బతుకంతా వాడుకుంది.

నేను కోడలిగా వచ్చేసరికి కథ మళ్లీ మొదటికి వచ్చింది. చేతి మగ్గం మీద ఇల్లు గడవక కైలాసం తండ్రి పోయిన దారినే సిరిసిల్ల మరమగ్గాలకు పోయాడు. మా వాళ్లు అమావాస్య నాడు మగ్గం ముట్టరు. అందుకని అమావాస్యకు అమావాస్యకు ఇంటికి వచ్చి పోయేవాడు. ఇంట్లో నేను, ఆమె. నేను బీడీలు చుట్టేదాన్ని, ఆమె చీరలు నేసేది. మాట్లాడాలంటే నేను లేచి పోయి ఆమె ముఖం ముందు నిలబడాలి. చేతిలో తునికాకు, కత్తెర వదిలేసి లేవడం నాకు కష్టంగా ఉండేది. అందుకని చాలా మాటలు నాలోనే ఉండిపోయేవి.

మా మధ్యకు కండెగాడు వచ్చాడు. వానకు మా చూరు కిందికి చేరిన కుక్కపిల్ల. ఎర్రటి బొచ్చు, మెడ కింద తెల్లటి మచ్చ. కండెల బుట్ట బోర్లా పడితే దొర్లిపోయే కండె వెనక దొర్లుకుంటూ పోయి దాన్ని పట్టుకొచ్చి అత్త కాళ్ల దగ్గర పెట్టాడు. ఆ పేరు అలా వచ్చింది. కుక్కను ఇంట్లోకి రానిస్తే మైల అని నేననుకున్నాను. ఆమె మాత్రం నేస్తూనే కాలితో వాడి వీపు గోకేది.

వాడు నేర్చుకున్న విద్య ఎవరూ నేర్పింది కాదు. ఒకరోజు గుమ్మంలో ఎవరో నిలబడి పిలుస్తున్నారు. నేను పెరట్లో ఉన్నాను. కండెగాడు మొరిగాడు. ఆమె మగ్గం ఆపలేదు. వాడు గుంటలోకి దూకి, పలక తొక్కుతున్న ఆమె పాదం మీద తన కాలు పెట్టాడు. ఆమె నేత ఆపి తలెత్తింది, ఎదురుగా చుట్టాలు. ఆ రోజు నుంచి వాడి చోటు గుంటలో ఆమె కాళ్ల దగ్గరే. ఎవరైనా వస్తే పాదం మీద కాలు. పాలు పొంగితే పాదం మీద కాలు. నాకు బిడ్డ పుట్టాక, ఊయలలో అది ఏడిస్తే పాదం మీద కాలు. నేను బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోవాల్సి వచ్చేది. వినపడని ముసలామె దగ్గర చంటిపిల్లను వదిలి ఎట్లా పోతున్నావని బావి దగ్గర అడిగేవాళ్లు. కండెగాడున్నాడని చెప్తే నవ్వేవాళ్లు. నాకు వాడి మీద ఆమె కంటే ఎక్కువ నమ్మకం ఉండేది, ఆ మాట ఆమెతో అనలేదు గానీ.

ఎనభై ఏడు ప్రాంతంలో అనుకుంటాను, శ్రావణంలో ముసురు పట్టింది. గోదావరి ఒడ్డు ఊళ్లలో ముసురంటే వాన కంటే పెద్ద బాధ. గట్టిగా కురవదు, ఆగదు. గోడలు చెమరుస్తాయి, బట్టలు ఆరవు, తునికాకు బూజు పడుతుంది. అలాంటి రోజుల్లో సాయంత్రం బాగానే ఉన్న కండెగాడు పొద్దున లేచేసరికి తోక మొదట్లో తిరిగి తిరిగి కొరుక్కుంటున్నాడు. చూస్తే అరచేయంత మేర బొచ్చు అట్టలు కట్టి, కింద ఎర్రగా, రసి కారుతూ పుండు. రాత్రికి రాత్రి ఇంత పుండు ఎలా వచ్చిందో అర్థం కాలేదు. ముట్టుకోబోతే ఎన్నడూ లేనిది నా మీద పళ్లు చూపించాడు.

అత్త ముట్టుకుంటే మాత్రం ఊరుకున్నాడు. ఆమె పుండు పక్కన చేయి వేసి తీసేసుకుంది.

"పొయ్యి లెక్క కాలుతుందే. ఒంట్ల వేడి ఉన్నది వీనికి" అన్నది.

వేడి అన్నాక ఆమెకు ఏం చేయాలో ఒకరు చెప్పనక్కర్లేదు. మగ్గం మనుషులకు ఆరిపోవడమే రోగం, తడే మందు. నూలు పడుగు ఆరిందంటే పుటుక్కుమంటుంది. అందుకే ఆమె రోజూ పొద్దున్నే గుంటలోని ఇసుక తడిపేది, ఎండాకాలమైతే మధ్యాహ్నం మళ్లీ తడిపేది. తెగిన పోగును పట్టుకున్నంత జాగ్రత్తగా ఆమె కండెగాడిని పట్టుకుంది. గోనె సంచి నీళ్లలో ముంచి, పిండి, వాడి నడుము మీద కప్పి, తడి ఇసుక మీద తన కాళ్ల దగ్గరే పడుకోబెట్టింది. వాడికి చల్లగా హాయిగా అనిపించిందో ఏమో, కాసేపు కొరుక్కోవడం మానేశాడు. దానితో ఆమెకు తన వైద్యం మీద గురి కుదిరింది. గోనె ఆరితే మళ్లీ తడిపేది. నాకూ సబబే అనిపించింది.

బాలమల్లు వచ్చి రైసుమిల్లు ఇంజనులో కాలిన నూనె పూయమన్నాడు. గుంటలో పడుకునే కుక్కకు నూనె పూస్తే ఆ మరక చీరకు అంటుతుందని ఆమె ఒప్పుకోలేదు. అదొక్కటే వాడి అదృష్టం. పుండు మాత్రం పెరిగింది. తొడ మీదికి పాకింది, వాసన మొదలైంది. వాడు నాకీ నాకీ నాలుక అరిగిపోతుందేమో అనిపించేది.

శ్రావణం చివర పొలాల అమావాస్యకు కైలాసం వచ్చాడు. గుమ్మంలోనే ముక్కు మూసుకున్నాడు. ఊయల కిందికి వచ్చిన కండెగాడిని, ఊయలలో ఉన్న బిడ్డను మార్చి మార్చి చూశాడు. ఆయనకు కుక్క మీద పగ లేదు. బిడ్డ ముందు ఇంకేదీ కనిపించలేదు, అంతే. తల్లి ముందు కూర్చుని, పెదవులు కనపడేటట్టు నిదానంగా చెప్పాడు.

"అవ్వా, ఇది గజ్జి. బిడ్డకు అంటుకుంటది. నేనిప్పుడే గోదావరి దాటించి చెన్నూరు దిక్కు ఇడిచొద్దును, పడవలు నడుస్తలేవు. పెత్రమాసకు మళ్లొస్త. అప్పటికి మానితే సరి, మానకపోతే తీస్కపోత. నువ్వు అడ్డం రావద్దు."

ఆమె తల తిప్పుకోలేదు. తిప్పుకుంటే వినపడలేదనవచ్చు, ఆ సౌకర్యం ఈసారి వాడుకోలేదు. చివరి మాట వరకు చూసి, "సరే" అన్నది. ఆయన పోయాక గుంటలోకి దిగి కండెగాడి తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పెత్రమాస అంటే వచ్చే అమావాస్య, ఇంకో నెల. ఒక్క నెలలో మానకపోతే వాడు గోదావరి అవతల. వాడు పోతే ఆమెకు గుమ్మం లేదు, ఊయల లేదు, ఎవరి పిలుపూ లేదు. నాకు ఆమె మీద అంతవరకు ఉన్న చిరాకంతా ఆ పూట ఎక్కడికి పోయిందో తెలియదు. నేను పోయి ఆమె ముందు నిలబడి, "దవాఖానకు తీస్కపోదాం అత్తా" అన్నాను.

పశువుల దవాఖానలో ఎడ్లు, బర్రెల మధ్య మేమొక్కళ్లమే కుక్కతో ఉన్నాం. రైతులు మమ్మల్ని చూసి ముసిముసిగా నవ్వుకున్నారు. డాక్టరు ఉపేందర్‌రావుది జగిత్యాల దిక్కున భూములున్న కుటుంబం. మనుషులతో ముక్తసరిగా, పశువులతో ముద్దుగా మాట్లాడతాడని ఊళ్లో అనుకునేవాళ్లు.

"ఏమవ్వా, కుక్కను తెచ్చినవ్" అన్నాడు.

"కుక్కనే సారు, ఎద్దు గాదు" అన్నది మా అత్త, దవాఖాన వెనక కట్టేసిన ఎడ్లకు కూడా వినపడేటట్టు.

ఆయన నవ్వలేదు గానీ కోప్పడలేదు. కాంపౌండరు రాయమల్లు వాడి మూతికి మెత్తటి గుడ్డ కట్టి పట్టుకున్నాడు. డాక్టరు కత్తెర తీసుకుని పుండు చుట్టూ బొచ్చు కత్తిరించడం మొదలుపెట్టాడు. కత్తిరిస్తుంటే పుండు పెరుగుతూ పోయింది. పైకి అరచేయంత ఉన్నది బొచ్చు కింద పళ్లెమంత ఉంది. మంచి చర్మం కనపడేదాకా ఆయన ఆపలేదు.

"ఇది గజ్జి గాదు. మనుషులకు అంటుకుంటదని భయం లేదు" అన్నాడు. నాకు ఎంత తేలికయ్యిందో చెప్పలేను. "ఏ పిడుదు కుట్టిందో. దురదకు కొరుక్కుంటది, నాకుతది. ఈ ముసురుల బొచ్చు ఆరది. లోపలి తడి లోపల్నే ఉడుకుతది. వానాకాలం కుక్కలకు గిది మామూలే, సూసేటోళ్లకే పరేషాన్. ఎక్కడ పండుకుంటది?"

"మగ్గం గుంటల, మా అత్త కాళ్లకాడ సారు."

"గుంటల తడి ఉంటదా?"

"నూలుకు ఉండాలె గద."

"పుండు మీద ఏం పెట్టిన్రు?"

"తడి గోనె" అన్నాను. ఆయన కత్తెర బల్ల మీద పెట్టేశాడు. ఆమెకు వినపడదని, పెదవులు చూస్తుందని నేను చెప్పాను. ఆయన ఆమె వైపు తిరిగి, చిన్నపిల్లకు చెప్పినట్టు ఒక్కొక్క మాట చెప్పాడు.

"అవ్వా, కాలుతున్నదని తడిపినవ్. దీనికి తడితోనే వచ్చింది. ఆరబెట్టాలె, ఆరబెట్టాలె, గంతే మందు."

ఆమె చాలాసేపు ఆయన పెదవులను చూస్తూనే ఉంది, ఇంకేదైనా మాట వస్తుందేమోనని. 

"నేనే చేసిన్నా సారు?" అన్నది. నేను ఆ ఇంటికి వచ్చాక ఆమె గొంతు అంత చిన్నగా వినడం అదే మొదలు. తన గొంతు ఎంతో ఆమెకు ఎన్నడూ తెలియలేదు, ఆ ఒక్కసారి ఎలా తగ్గిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

"తెల్వక చేసినవ్. ఇప్పుడు తెలిసింది గద. ఫికర్ చెయ్యకు" అన్నాడు ఆయన. ఆ మాటకు నేను ఆయనను ఈనాటికీ తలుచుకుంటాను. ఒక సూది వేసి, నీళ్లలో వేస్తే లేత గులాబీ రంగు వచ్చే మందు, పుండు మీద పూసే ఊదా మందు ఇచ్చాడు. కడిగాక రుద్దొద్దు, గుడ్డతో అద్దాలి. కట్టు కట్టొద్దు, గాలి తగలనివ్వాలి. నూనె, పసుపు ముద్ద, ఏదీ పూయొద్దు. అన్నిటికంటే ముందు, వాడి నోరు పుండుకు అందకూడదు.

నోరు అందకుండా చేయడానికి అత్త వాడి పేరుకు కారణమైన కండెల బుట్టనే తీసింది. దాని అడుగు కోసేసి, అంచుకు మెడ ఒరుసుకోకుండా పనికిరాని నూలు మందంగా చుట్టి, వాడి తల అందులోంచి దూర్చింది. నడుమంతా ఊదా రంగు, మెడలో బుట్ట. వాడకట్టు పిల్లలు పెండ్లికొడుకు వచ్చాడని చప్పట్లు కొట్టారు. గుమ్మాల వెడల్పు తెలియక వాడు ప్రతి తలుపుకూ తట్టుకుని వెనక్కి పడేవాడు. నవ్వొచ్చేది, నవ్వితే అత్త చూస్తుందని కొంగు అడ్డం పెట్టుకునేదాన్ని. ఒకసారి చూస్తే ఆమె కూడా కొంగు అడ్డం పెట్టుకుని ఉంది.

రోజూ పొద్దున, సాయంత్రం కడిగేవాళ్లం. ఆమె పట్టుకునేది, నేను కడిగి అద్దేదాన్ని. పడుగుకు గంజి పట్టించే కుంచె ఒకటి అరిగిపోయి మూలన పడి ఉంటే, దానితో ఆమె వాడి మిగతా ఒళ్లంతా దువ్వి పిడుదులు ఏరేది. పడుగు మీద కుంచె నడిపినట్టే, తల నుంచి తోక దాకా ఒకే ఊపు. పుండు తడి తగ్గుతూ వచ్చింది.

ఒక్క దగ్గర మాత్రం చిక్కు వచ్చింది. వాడిని గుంటలోకి రానివ్వకూడదు. అర్ర బయటి దాలానంలో పొడి చాప మీద కట్టేశాం. వాడు గుంట వైపు చూసి రోజంతా ఏడ్చేవాడు. ఆ ఏడుపు ఆమెకు వినపడదు, నాకు వినపడుతుంది. కానీ ఆమెకు వాడి నోరు కనపడేది. మొరుగుతుంటే పెదవులు చదివినట్టు చూసేది. కాళ్ల దగ్గర వాడు లేకపోతే ఆమె మాటిమాటికీ మగ్గం ఆపి గుమ్మం వైపు, ఊయల వైపు చూసుకునేది. నేను కార్ఖానాకు పోయి వచ్చేసరికి ఒకరోజు బిడ్డ ఏడ్చి ఏడ్చి గొంతు పోయి ఉంది. ఆమె వీపు ఊయల వైపు ఉంది, మగ్గం మీద నాడె అటూ ఇటూ ఆడుతూనే ఉంది. నన్ను చూసి తలెత్తినప్పుడు ఆమె ముఖం ఎలా మారిందో నేను చెప్పలేను. పోయి బిడ్డను ఎత్తుకున్నాను.

మరుసటి రోజు ఇసుక తడపడం మానేసి చూసింది. ముసురైనా సరే, అలవాటైన తడి లేక పోగులు తెగడం మొదలైంది. ముడి వేసి నాలుగు వరసలు నేస్తే మళ్లీ తెగేది. నూలుకు తడి కావాలి, కుక్కకు పొడి కావాలి, ఆమెకు రెండూ ఒక్కచోటే కావాలి. సాయంత్రం దాకా ముడులు వేసి వేసి, మగ్గం మీంచి లేచి పెరట్లోకి పోయి గడ్డపార పట్టుకొచ్చింది.

మగ్గం గుంట మాకు దేవుడి అర్ర లాంటిది. చెప్పులతో దగ్గరికి పోము. దసరాకు బొట్లు పెట్టి కొబ్బరికాయ కొడతాం. ఒకసారి తవ్వించిన గుంటకు మళ్లీ ఇనుము తాకించరు, అలా చేస్తే ఇంట్లో నేత నిలవదని పట్టింపు. నేను బిడ్డను చంకనేసుకుని చూస్తున్నాను. ఆమె దండం పెట్టుకుని, గుంట పక్క గోడలో తన మోకాలికి కాస్త కిందుగా గడ్డపార వేసింది.

చప్పుడుకు బాలమల్లు పరుగెత్తుకొచ్చాడు. "ఏం చేస్తున్నవ్ శంకరవ్వా, మగ్గం గుంటకు గడ్డపార పెడుతరా? మీ మామ తవ్విచ్చిన గుంట అది. కుక్క కోసం కులం మర్యాద తీస్తవా?"

ఆమె ఆయనకు ఎదురుగా నిలబడి, ప్రతి మాటా పెదవుల మీదే చదివింది. నేను చూస్తూనే ఉన్నాను. అంతా అయ్యాక చెవి మీద చేయి పెట్టుకుంది.

"నాకు ఇనరాదు బావా, నీకు తెల్సు గద" అని మళ్లీ తవ్వడం మొదలుపెట్టింది.

బాలమల్లు నా వైపు చూశాడు. నేను చంకలోని బిడ్డను సవరించుకుని, "మా అత్తకు ఇనరాదు మామా" అన్నాను. మా ఇద్దరం ఒక్క మాట మీద నిలబడింది అప్పుడే మొదలు. ఆయన పోయాక ఆమె నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వుకు ముందు ఆమె పళ్లు నేను సరిగా చూసి ఉండలేదు.

తవ్విన గూటిలో పొయ్యి బూడిద పోసి, మీద చెక్క వేసి, దాని మీద నులక అల్లిన చిన్న మంచం లాంటిది అమర్చింది. కింది ఇసుక తడిగానే ఉంటుంది, గూడు పొడిగా ఉంటుంది, నులక సందుల్లోంచి గాలి ఆడుతుంది. వాడు అక్కడ పడుకుంటే కాలు చాచితే చాలు, ఆమె మోకాలికి అందుతుంది. పాదానికి బదులు మోకాలు. బుట్ట మెడతో వాడు మొదట దూరలేకపోయాడు. ఆమె గూటి అంచు ఇంకొంచెం చెక్కింది.

పెత్రమాసకు కైలాసం వచ్చేసరికి ఇంట్లో గునుగు పూలు, తంగేడు పూలు రాశులు పోసి ఉన్నాయి. నేను ఎంగిలిపూల బతుకమ్మ పేర్చుకుంటున్నాను. ఆయన భుజాన చిన్న తాడు ఉంది. గోదావరి తగ్గింది, పడవలు నడుస్తున్నాయి. ఆ తాడు చూసి నా చేతులు ఆగిపోయాయి. అత్త అమావాస్య కాబట్టి నేయడం లేదు గానీ, అలవాటుగా గట్టు మీద కాళ్లు వేలాడేసి కూర్చుని చిక్కుపడ్డ నూలు విడదీస్తోంది. ఇంటి మనిషే కాబట్టి కండెగాడు చెప్పలేదు, ఆయన వచ్చింది ఆమె చూడలేదు. ఆయన ఆమె వెనక నుంచి గుంట మీదికి వంగాడు. గూటిలో కండెగాడు. మెడలో బుట్ట లేదు. పుండు ఉన్నచోట చర్మం ఆరి, కొత్త బొచ్చు లేత గడ్డిలా మొలుస్తోంది.

అప్పుడే ఊయలలో బిడ్డ లేచి ఏడ్చింది. కండెగాడు కాలు చాచి అత్త మోకాలి మీద పెట్టాడు. ఆమె నూలు పక్కన పెట్టి లేచి ఊయల దగ్గరికి పోయింది. పోతూ పోతూ కొడుకును చూసి ఆగింది. ఆయన భుజం మీది తాడును చూసింది. బిడ్డను ఎత్తుకుంది.

కైలాసం తాడు తీసి కొయ్యకు తగిలించాడు. సన్నగా మళ్లీ తుంపర మొదలై, బయటికి పోయి వచ్చిన కండెగాడు గుమ్మంలో ఒళ్లు విదిలించుకున్నాడు. కైలాసం భుజం మీది తువ్వాల తీసి వాడిని ఒళ్లో పెట్టుకుని తోక మొదటి దాకా తుడిచాడు.

"ఆరిందా అవ్వా, సూడు" అన్నాడు. ఆమె వచ్చి బొచ్చులోకి వేళ్లు పోనిచ్చి చూసి, "ఇంక జర" అన్నది. ఆ సాయంత్రం నేను బతుకమ్మ ఆడినంత సంతోషంగా మళ్లీ ఎన్నడూ ఆడలేదు.

ఆ పుండు ఒక్కసారితో పోయేది కాదు. ప్రతి వానాకాలం ఎక్కడో ఒకచోట తలెత్తేది, ఒకసారి చెవి కింద, ఒకసారి తొడ మీద. వాడు ఒక్కచోటే నాకుతున్నాడంటే నేను వెంటనే బొచ్చు విడదీసి చూసేదాన్ని. ఇంకా గోరంత ఉండగానే కత్తెర, కడగడం, అద్దడం. బీడీ ఆకు కోసే కత్తెర ఒకటి వాడికోసమే పక్కన పెట్టాను. వానలో తడిసి వస్తే ఇంట్లో ఎవరి చేతికి ఏ గుడ్డ అందితే దానితో తుడిచేవాళ్లం. కండెగాడు మా బిడ్డ బడికి పోయేదాకా బతికి, ఒక చలికాలం గూటిలోనే నిద్రలో పోయాడు. అత్త గూడు పూడ్చనివ్వలేదు.

ఆ తర్వాత ఒకటి రెండేళ్లకు ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. వాడకట్టు అంతా వినిపించిన గొంతు, ఒక్క అక్షరం పలకలేకపోయింది. మంచంలోనే ఉండిపోయింది. మళ్లీ ముసురు పట్టిన రోజుల్లో ఆమెను తిప్పి బట్ట మారుస్తుంటే నడుము కింద చర్మం ఎర్రబడి, తడిగా, చితికిపోయి కనిపించింది. చేయి పెడితే వేడిగా ఉంది. ఒక్క క్షణం నాకు ఎర్ర బొచ్చు, ఊదా మందు, తడి గోనె అన్నీ కళ్ల ముందుకొచ్చాయి. చూడవచ్చిన వాళ్లు కొబ్బరి నూనె, పసుపు రాయమన్నారు. నేను రాయనివ్వలేదు. దవాఖాన నుంచి డాక్టరమ్మ వచ్చి చూసి మందిచ్చి, పొడిగా ఉంచాలని, పక్కకు తిప్పుతూ ఉండాలని చెప్పింది. నాకు ఆ పని కొత్త కాదు. పరుపు తీసేసి నులక మంచం మీద మెత్తటి పాత చీరలు పరిచాను. ఉప్పు నీళ్లతో కడగడం, రుద్దకుండా అద్దడం, గాలి తగలనివ్వడం. నా చేతులకు ఒకరు చెప్పనక్కర్లేకపోయింది.

పిలవడానికి ఆమెకు గొంతు లేదు. నేను మంచం పక్కన నేల మీద కాళ్లు చాపుకుని బీడీలు చుట్టుకునేదాన్ని. ఒక మధ్యాహ్నం ఆమె ఎడమ కాలు మంచం అంచు నుంచి జారి నా పాదం మీద పడింది. జారిందేమోనని ఎత్తి మంచం మీద పెట్టాను. మళ్లీ దించి నా పాదం మీద పెట్టింది. తలెత్తి చూశాను. మగ్గం ఆపి గుమ్మం వైపు చూసేటప్పుడు ఎలా చూసేదో అలాగే నన్ను చూస్తోంది.

నాకు అప్పుడు అర్థమైంది. పక్కకు తిప్పమంటోంది. కళ్ల నీళ్లు ఆగలేదు, ఆపుకోవాలని కూడా అనిపించలేదు. ఆ కుక్క ఆమెకు చెవులయ్యాడు, పోతూ గొంతు కూడా ఇచ్చిపోయాడు. అత్తకు సేవ చేయడం నాకు కుక్క నేర్పిందంటే వినేవాళ్లు నవ్వుతారు. నవ్వనీ. నేను మాత్రం పొద్దున లేచి దండం పెట్టుకునేటప్పుడు ఆ ఎర్ర బొచ్చును కూడా తలుచుకుంటాను.

పుండు నెమ్మదిగా, దసరా దాటాక మానింది. ఆమె ఆ తర్వాత ఇంకో రెండు వానాకాలాలు చూసింది. నీళ్లు కావాలన్నా, తిప్పాలన్నా, ఊరికే నేను అక్కడ ఉన్నానో లేదో చూసుకోవాలన్నా, ఆమె కాలు నా పాదాన్ని తాకేది. నేను బీడీల చాట పక్కన పెట్టి లేచి, ఆమె ముఖం ముందు నిలబడేదాన్ని.